మామ్మ నడిచిన దారి, మామ్మ వేసిన చంద్రమతి

ప్రశ్న:

నమస్కారమండీ. మా మామ్మకు ఎనభై తొమ్మిదేళ్ళు. పదహారో ఏట స్టేజీ ఎక్కి, నలభై ఏళ్ళు పద్యనాటకాల్లో వేషాలు వేసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పాతతరంలో ఆమె చంద్రమతిని చూసినవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. వచ్చే నెల ఇక్కడి కళాసంఘం ఒకటి ఆమెకు సన్మానం చేస్తోంది. పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాటకాల గురించి మాట్లాడుతుందనుకున్నాం. "నా నాటకాలు చూసినోళ్ళకి తెలుసు. నేను రంగం నుంచి నడిచొచ్చిన సంగతి చెప్తాను" అంటోంది మామ్మ.

మామ్మ బర్మాలోని రంగూన్‌లో పుట్టింది. ఆమె రంగం అనేది ఆ ఊరినే. వాళ్ళ నాన్న అక్కడ రేవులో కూలీ. జపానువాళ్ళు బాంబులేసినప్పుడు ఆమెకు ఐదేళ్ళు. అందరితో పాటు వీళ్ళూ నడిచి వచ్చేశారు. దారిలో రెండేళ్ళ తమ్ముడు పోయాడు. ఈ మాట మాకు మొదటిసారి తెలిసింది పోయిన దసరాకి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రోజూ చెబుతోంది. పెద్ద ఏరు, పడవ, కొండలెక్కడం, అడవిలో ఎవరో వేడి వేడి టీ పోయడం... చెప్పిందే చెబుతుంది, కానీ ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పదు.

నాన్నకు ఇది ఇష్టం లేదు. "పదిమందిలో ఏడుస్తుంది, బీపీ పెరుగుతుంది, సన్మానం కాస్తా సంతాపసభ అవుతుంది" అంటున్నారు. అసలు నాన్నకు మామ్మ నాటకాల ఊసే పడదు. నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు కూడా ఆ సంగతి ఎత్తొద్దన్నారు. మా బాబాయిది ఇంకో మాట. "ఐదేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది? అడవిలో టీ ఎవడిచ్చాడు? వాళ్ళూ వీళ్ళూ చెప్పుకున్నవి కలిపి చెబుతోంది" అంటారు.

ఇంకొకటి కూడా రాయాలి. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో లోహితాస్యుడికి బదులు గుడ్డల మూట ఇస్తే మామ్మ ఒప్పుకునేది కాదట. నిజం పిల్లాడే కావాలనేదట. సీను అయ్యాక ఆ పిల్లాడికి తన చేత్తో అన్నం పెట్టి, వాళ్ళమ్మకు అప్పజెప్పేదాకా రంగు కడుక్కునేది కాదట. మా ఇంట్లో ఇదొక నవ్వులాట కథ.

నేను మామ్మ పక్కన నిలబడాలా, నాన్న మాట వినాలా? ఆమె చెప్పేది రికార్డు చేయాలని ఉంది. ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియడం లేదు.

— ఒక మనవరాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, మామ్మను మాట్లాడనివ్వండి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మిగతాదంతా అది ఎలా జరగాలన్న దాని గురించే.

మీ బాబాయిగారి టీ దగ్గర మొదలుపెడతాను. ఇంట్లో ఒక మనిషి మాటను నమ్మనివాళ్ళు ఒక్కరున్నా ఆ మనిషి చెప్పడం మానేస్తుంది. అందుకని ఆ అనుమానం ముందు తీరాలి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8కల్లా ఊరు జపాను సైన్యం చేతిలోకి పోయింది. అప్పటికి ఆ ఊరు సగం మనదే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. మన ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి పోయినవాళ్ళు రేవుల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలనే పిలిచేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. ఓడ టికెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకనివాళ్ళు, అంటే రేవు కూలీల్లాంటి వాళ్ళు, నడిచారు. అలా నాలుగైదు లక్షల మంది నడిచారని అంచనా. పదులవేల మంది దారిలోనే రాలిపోయారు. సరిగా లెక్కపెట్టిన నాథుడు లేడు.

దారులు ప్రధానంగా మూడు. అరకాన్ కొండలు దాటి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ వైపు ఒకటి. ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లీడోకి ఒకటి. ఇంకొకటి మాండలే దాకా వచ్చి, చింద్విన్ నది మీద పడవల్లో కలేవా చేరి, మలేరియాకు పేరుపడ్డ కబా లోయలో నడిచి, తమూ దగ్గర కొండలెక్కి మణిపూర్‌లో దిగేది. అక్కడి నుంచి దిమాపూర్ పోతే రైలు. మీ మామ్మ చెప్పే "పెద్ద ఏరు, పడవ, కొండలు" ఆ వరసలోనే ఉన్నాయంటే ఆమె వచ్చింది ఈ మూడో దారి కావచ్చు. మణిపూర్, ఇంఫాల్, దిమాపూర్ — ఈ పేర్లలో ఏదైనా చెవిన పడిన గుర్తుందేమో, వేరే ఏదో మాట్లాడుతూ ఒకసారి మాటల్లో పెట్టి చూడండి.

ఇక టీ. అస్సాం వైపు దారుల్లో శిబిరాలు నడిపిన పనిలో టీ తోటల యజమానుల సంఘానిది పెద్ద చెయ్యి. ప్రభుత్వం కోరితే వాళ్ళు తోటల్లోని కూలీలను పంపించి దారి బాగు చేయించారు, శరణార్థులకు తిండి పెట్టించారు. నానిపోయి, కాళ్ళు పుళ్ళుపడి చేరిన మనిషికి అలాంటి చోట దొరికేది వేడి టీయే. అడవిలో టీ ఎవడిచ్చాడని బాబాయిగారు అడిగారు కదా. టీ పండించేవాళ్ళే ఇచ్చారని చెప్పండి. ఐదేళ్ళ పిల్ల ఇది ఊహించి చెప్పలేదు. పెద్దవాళ్ళు కూడా కల్పించి చెప్పే రకం సంగతి కాదు ఇది. బాంబుల గురించి, పులుల గురించి ఎవరైనా కల్పిస్తారు. అడవిలో వేడి టీ గురించి ఎవరు కల్పిస్తారు?

చిన్నప్పటి జ్ఞాపకం తేదీల్ని, ఊళ్ళ పేర్లని పట్టుకోదు. రుచిని, వాసనని, కాళ్ళ మంటని, ఎవరి భుజం మీద కూచున్నామన్నదాన్ని పట్టుకుంటుంది. ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పదన్నారు. మామ్మ వేసిన చంద్రమతి మాత్రం ఏ రెండు రాత్రులు ఒక్కలా ఉండి ఉంటుంది? పద్యం అదే, ఒకరోజు ఆ చరణం దగ్గర ఆగుతుంది, ఇంకోరోజు ఈ చరణం దగ్గర. ఏ చరణం దగ్గర ఆగుతోందో మీరు వినండి. తప్పు పట్టకండి.

మీ ఉత్తరం చదవగానే నాకు హెలెన్ గుర్తొచ్చారు. హిందీ సినిమాల్లో నాట్యానికి మారుపేరైన ఆ హెలెనే. ఆమె రంగూన్ బిడ్డ. 1938 నవంబరులో పుట్టారు, అంటే మీ మామ్మ కన్నా రెండేళ్ళు చిన్న. తల్లి బర్మా మనిషి, తండ్రి ఆంగ్లో ఇండియన్. తండ్రి యుద్ధంలో పోయాడు. నిండు చూలాలో కాదో తెలియదు గానీ కడుపుతో ఉన్న ఆ తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని బర్మా నుంచి నడిచింది. 1964లో ఒక సినిమా పత్రికతో మాట్లాడుతూ హెలెన్ ఆ నడక గురించి చెప్పారు. చేతిలో పైసా లేదు, అడవులూ వందల ఊళ్ళూ దాటుతూ దయతలచినవాళ్ళు పెట్టింది తిన్నారు. అప్పుడప్పుడూ బ్రిటిష్ సైనికులు ఎదురై బండెక్కించి, కాళ్ళ పుళ్ళకు మందు వేశారు. దారిలోనే తల్లికి గర్భస్రావమైంది. అస్సాంలోని డిబ్రూగఢ్ చేరేసరికి బయల్దేరిన గుంపులో సగమే మిగిలింది. తల్లీ కూతుళ్ళు ఎముకల గూళ్ళయ్యారు. రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడ గండం గడిచి కలకత్తా చేరాక ఆమె తమ్ముడు మశూచితో పోయాడు.

తమ్ముడు. ఇక్కడ నేను కాసేపు చదవడం ఆపి, మీ ఉత్తరం మళ్ళీ తీసి చూసుకున్నాను.

తర్వాత బొంబాయి వచ్చారు. తల్లి నర్సుగా పనిచేసేది. ఆ జీతం నలుగురికి చాలేది కాదు. పిల్ల చదువు మానేసింది. కుటుంబానికి తెలిసిన కక్కూ అన్న నాట్యకత్తె చెయ్యి పట్టుకుని స్టూడియోకి తీసుకెళ్ళి, గుంపులో నిలబెట్టింది. 1951కల్లా సినిమాల్లో గుంపు నాట్యాల్లో ఉన్నారు హెలెన్. పందొమ్మిదేళ్ళకు, 1958లో, ఒకే ఒక్క పాటతో దేశానికంతా తెలిశారు. ఆ తర్వాత వందల సినిమాలు. 2009లో పద్మశ్రీ. ఇన్ని దశాబ్దాల్లో ఆమెను పలకరించినవాళ్ళు ఎక్కువగా అడిగింది పాటల గురించి, ఈకల టోపీల గురించి, ఫలానా స్టెప్పు గురించి. తెర మీద అంత వెలుగుతో ఆడిన ఆ కాళ్ళు మూడు నాలుగేళ్ళ వయసులో ఎక్కడెక్కడ నడిచాయో చాలామందికి తెలియదు. అందరూ నాటకాల గురించే అడుగుతారని మీ మామ్మకు తెలుసు. అందుకే తన పది నిమిషాలు దేనికి వాడుకోవాలో ముందే తేల్చుకుంది. నాకు ఆ తెలివి చాలా గొప్పగా అనిపించింది.

ఇప్పుడు మీరు రాసిన నవ్వులాట కథ దగ్గరికి వస్తాను. దీని గురించి నెమ్మదిగా చెప్పాలి.

యుద్ధంలో పెరిగి నటులైన ఆడవాళ్ళను చూస్తే, చాలామంది ఆ సంగతిని మాటల్లో కన్నా ముందు వేషంలో చెప్పారు. ఇటలీ నటి సోఫియా లారెన్ 1934లో పుట్టి, నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే ఊళ్ళో అమ్మమ్మ ఇంట పెరిగారు. బాంబులు పడే రాత్రుళ్ళు ఊరి జనమంతా రైలు సొరంగంలో పడుకునేవారు. తెల్లారుజామున మొదటి రైలు వచ్చేలోపు లేచి బయటికి పరిగెత్తాలి. ఒకసారి బాంబు ముక్క తగిలి ఆమె గడ్డం చీలింది. 1960లో విట్టోరియో డి సికా తీసిన సినిమాలో, యుద్ధకాలంలో కూతుర్ని కాపాడుకోవడానికి ఊరొదిలి పారిపోయే తల్లి వేషం ఆమెకు వచ్చింది. మొదట అనుకున్నది కూతురి వేషమే. ఇరవై ఐదేళ్ళ మనిషి చివరికి తల్లి వేషం కట్టింది. తన సొంత తల్లిని తలుచుకుంటూ చేశానని చెప్పేవారు. ఆ వేషానికే 1962లో ఆస్కార్ వచ్చింది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఉత్తమ నటి ఆస్కార్ తీసుకున్న మొదటి మనిషి ఆమే.

దీనికి పూర్తిగా ఎదురు కథ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్బర్న్‌ది. 1929లో పుట్టారు. పదేళ్ళప్పుడు తల్లి హాలండ్‌లోని ఆర్నెమ్ ఊరికి తీసుకొచ్చింది, అక్కడైతే యుద్ధం రాదని. 1940 మేలో జర్మన్లు వచ్చేశారు. 1942లో వాళ్ళ పెద్దమ్మ భర్తను కాల్చి చంపారు. రహస్యంగా పోరాడేవాళ్ళకు డబ్బు పోగుచేయడానికి కిటికీలు మూసిన ఇళ్ళల్లో ఈ పిల్ల నాట్యం చేసేది. బయటికి వినపడకూడదని ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. 1944–45 శీతాకాలంలో అక్కడ పెద్ద కరువు. ఇరవై వేల మంది దాకా ఆకలికి, చలికి పోయారు. జనం తులిప్ పూలమొక్కల దుంపలు తిన్నారు. ఆడ్రీ రక్తహీనతతో, కాళ్ళవాపుతో బయటపడ్డారు. తర్వాత పెద్ద తార అయ్యాక, ఆన్ ఫ్రాంక్ వేషం వేయమని అడిగారు. ఆ యూదుల పిల్ల కూడా 1929లోనే పుట్టింది, హాలండ్‌లోనే దాక్కుని డైరీ రాసుకుంది, నాజీల క్యాంపులో చనిపోయింది. ఆడ్రీ వద్దన్నారు. ఆ డైరీ చదివి ఆమె తట్టుకోలేకపోయారు. ఆ వేషం కట్టలేనన్నారు. ఆ మనిషే అరవై దాటాక, 1990లో, వాద్యబృందం వాయిస్తుంటే వేదిక మీద నిలబడి ఆ డైరీలోని మాటలు చదివారు. 1988 నుంచి యూనిసెఫ్ తరఫున ఇథియోపియా, బంగ్లాదేశ్, సోమాలియా తిరిగి ఆకలితో ఉన్న పిల్లల్ని ఎత్తుకున్నారు. ముప్పై ఏళ్ళప్పుడు నోరు రాని మాట అరవై ఏళ్ళకు వచ్చింది. మీ మామ్మకు ఎనభై తొమ్మిదికి వచ్చింది. ఎవరి ఘడియ వాళ్ళది.

మళ్ళీ మీ మామ్మ. చంద్రమతి చనిపోయిన కొడుకుని చేతుల మీద మోసుకుని ఒంటరిగా శ్మశానానికి వస్తుంది. కాటిసుంకం ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ సీను మీ మామ్మ ఎన్ని వందల రాత్రులు చేసి ఉంటుందో లెక్కవేయండి. గుడ్డల మూట ఆమె చేతికి సరిపోలేదు. నిజం పిల్లాడు కావాలి. సీను అయ్యాక ఆ పిల్లాడు కళ్ళు తెరిచి లేవాలి, అన్నం తినాలి, వాళ్ళమ్మ దగ్గరికి పోవాలి. అప్పటిదాకా ఆమె రంగు కడుక్కోదు. మీ ఇంట్లో నవ్వుకున్నందుకు మిమ్మల్నెవరినీ తప్పుపట్టను. తెలియదు కాబట్టి నవ్వుకున్నారు. ఇప్పుడు తెలిసింది.

అయితే, అమ్మా, ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇది నేను ఇక్కడ కూచుని కలిపిన ముడి. నిజమో కాదో ఆమెకే తెలుసు. పరుగున వెళ్ళి "మామ్మా, తమ్ముడి కోసమేనా నువ్వలా చేసేదానివి?" అని అడగొద్దు. ఆమె ఔనని చెప్పినా అది మీ మాటై పోతుంది, ఆమెది కాదు. ఆమె ఆ రెండిటినీ ఎప్పుడూ కలిపి చూసుకోకపోయి ఉంటే ఆ ప్రశ్న గుండెలో పోటులా దిగుతుంది. నటులకు వాళ్ళ వేషం ఒక ఇల్లు. తలుపు వాళ్ళు తీస్తేనే మనం లోపలికి వెళ్ళాలి.

అందుకే రికార్డింగు నాటకాలతోనే మొదలుపెట్టండి. యుద్ధంతో వద్దు. ఆమె మేకప్ పెట్టె, పాత కరపత్రాలు, ఫొటోలు, కట్టుకున్న చీర, ఏది మిగిలి ఉంటే అది ఆమె ముందు పెట్టండి. మొదటి వేషానికి ఎంతిచ్చారు, ఎవరు తీసుకెళ్ళారు, హార్మోనిస్టు ఎవరు, ఎడ్లబండి మీద వెళ్ళారా, ఆ రాత్రి ఏం తిన్నారు అని అడగండి. ఓపిక ఉంటే చంద్రమతి పద్యం ఒకటి పాడమనండి. గొంతు ఎలా ఉన్నా పాడమనండి. పద్యం అయ్యాక మీరు ఏమీ మాట్లాడకుండా కాసేపు ఊరుకోండి. నేను కొందరు పెద్ద నటీమణుల పక్కన కూచుని విన్నాను. పద్యం తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దంలో వాళ్ళంతట వాళ్ళే ఎక్కడికో వెళ్ళి ఏదో ఒకటి తెచ్చి మన చేతిలో పెడతారు. అది రంగూన్ కావచ్చు, పెళ్ళి కావచ్చు, పక్కింటి గేదె కావచ్చు. ఏది తెచ్చినా తీసుకోండి.

ఆమె నడక గురించి ఎత్తితే చేతికి తగిలేవి అడగండి. కాళ్ళకు ఏముంది? అన్నం వండుకున్నారా, అటుకులా? సామాను ఏం తెచ్చుకున్నారు? ఎవరెత్తుకున్నారు? వాన పడిందా? "అప్పుడు నీకెలా అనిపించింది" అన్న ప్రశ్న మాత్రం వద్దు. ఐదేళ్ళ పిల్లకు అనిపించడం అంటే కాళ్ళనొప్పీ ఆకలే. ఒక పూటకు అరగంట మించొద్దు. పొద్దున్న టిఫిన్ అయ్యాక మంచిది, సాయంత్రం దీపాలవేళ వద్దు. ఆ వేళ మొదలైన మాటలు రాత్రి నిద్రలోకి వెంటబడి వస్తాయి. ఫ్యాను చప్పుడు సెల్‌ఫోన్లో పెద్దగా పడుతుంది, కట్టేసి, దగ్గరగా పెట్టండి. ఆమె యాసను అచ్చంగా ఉంచండి. "రంగం" అంటే మీరు "రంగూన్" అని రాసుకోవద్దు. పోయిన దసరా నుంచి రోజూ చెబుతోందన్నారు కాబట్టి ఇంకొకటి కూడా గమనించండి. చెప్పాక కుదుటపడుతోందా, లేక నిద్ర మానేసి, తిండి మానేసి, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తోందా? రెండోది అయితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఈ వయసులో పాత జ్ఞాపకాలు ఒక్కసారిగా మీద పడితే మనిషి తట్టుకోలేకపోవచ్చు.

మీ నాన్నగారి గురించి నేను ఒక్క మాట కూడా తేలిగ్గా అనలేను. ఆయన చిన్నప్పుడు నాటకాలాడే ఆడమనిషి కొడుకంటే బళ్ళో, వీధిలో ఏమేం వినాల్సి వచ్చేదో మా తరానికి బాగా తెలుసు. అమ్మ రాత్రికి వెళ్ళిపోయి తెల్లారి రంగు మరకలతో వస్తే, ఆ పిల్లాడు రాత్రంతా ఎవరి పక్కన పడుకున్నాడు? ఆ పిల్లాడు ఇంకా ఆయనలో ఉన్నాడు. మామ్మ ఏడుస్తుందన్నది ఆయన భయమే. ఆ భయంలో కొంత తను ఏడుస్తాడేమోనన్నదీ ఉండి ఉంటుంది. నలుగురిలో కాకుండా ముందు ఇంట్లో ఆయనొక్కరికీ ఒక రికార్డింగు వినిపించండి. కాటిసీను కాదు, తమ్ముడి సంగతీ కాదు. మొదటి వేషానికి ఎంతిచ్చారో, ఆ డబ్బుతో ఇంటికి ఏం కొన్నదో చెప్పిన ముక్క వినిపించండి. నడిచొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఆకలి ఊరు చేరగానే ఆగిపోలేదు. హెలెన్ పన్నెండు పదమూడేళ్ళకు గుంపులో నిలబడింది దానికోసమే, మీ మామ్మ పదహారేళ్ళకు స్టేజీ ఎక్కిందీ దానికోసమే అయి ఉండొచ్చు. ఆ నాటకాల వెనక ఏ ఆకలి ఉందో మీ నాన్నగారు తన తల్లి గొంతులోనే వినాలి. విని ఏమీ అనకపోయినా మీరు బలవంతపెట్టొద్దు. సంబంధాల సంగతి అడగలేదు గానీ నా మాటగా చెబుతున్నాను: వచ్చేవాళ్ళకు మామ్మ ఎవరో మొదటిరోజే చెప్పండి.

ఇక సన్మానం రోజు. మన సన్మాన సభలు ఎలా నడుస్తాయో మీకు తెలుసు. ఆరు గంటలకని చెప్పి ఏడున్నరకు మొదలై, ఎనిమిది మంది పెద్దలు మాట్లాడాక, శాలువాలు అయ్యాక, సన్మానితుల చేతికి మైకు వచ్చేసరికి పదవుతుంది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషికి అది బీపీ కన్నా పెద్ద ప్రమాదం. నిర్వాహకులతో ఇప్పుడే మాట్లాడి, జ్యోతి వెలిగించగానే మొదటి మాట ఆమెదే అయ్యేట్టు చూడండి. కుర్చీలో కూచునే మాట్లాడాలి. ముందే తిని, మాత్ర వేసుకుని రావాలి. ఆ వారంలో ఒకసారి డాక్టరు గారితో మాట్లాడండి, నాన్నగారికీ ధైర్యంగా ఉంటుంది. ఆమె మాట్లాడుతుంటే వెనక వేణువు సంగీతం పెట్టొద్దని, యాంకరమ్మ మధ్యలో "అయ్యో" అనొద్దని చెప్పి ఉంచండి. ముందువరసలో నాన్నగారు, ఆమె పక్కనే మీరు. నీళ్ళసీసా బదులు ఫ్లాస్కులో టీ పెట్టుకోండి.

ఏడుస్తుందా? ఏడవొచ్చు. నలభై ఏళ్ళు రాత్రి పదికి తెర లేచి తెల్లారేదాకా వేల మంది ముందు నిలబడిన మనిషి ఆమె. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు వదలాలో ఆ సభలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ సభలోనే ఎవరో ఒక ముసలాయన లేచి, మా అమ్మా అలాగే నడిచొచ్చిందమ్మా అనవచ్చు. మీరుండేది విశాఖపట్నం. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ పేరు మీదే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా కూడా బాంబులేశాయి. బాంబుల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు సొంతూరి తీరంలోనూ బాంబులే ఎదురయ్యాయి. అంత పెద్ద సంగతి ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఇంత నెమ్మదిగా ఎలా అణిగిపోయిందో తలుచుకుంటే బాధేస్తుంది. ఓడెక్కలేకపోయిన రేవు కూలీల కథ రాసుకున్నవాళ్ళు తక్కువ. తెల్లవాళ్ళకు ఒక దారి, మనవాళ్ళకు ఒక దారి పెట్టారని ఆనాడే మన నాయకులు గొడవ చేశారు. ఆ గొడవ పుస్తకాల్లో ఉంది. నడిచిన పిల్లల గొంతులు మాత్రం మీ మామ్మలాంటి వాళ్ళ దగ్గరే మిగిలాయి. వాళ్ళల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

చివరగా ఒకటి. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మామ్మ తమ్ముడికి రెండేళ్ళని రాశారు, దారిలో పోయాడని రాశారు. పేరు రాయలేదు. బహుశా మీకూ తెలియదేమో. నడక గురించి ఎప్పుడైనా ఆమె తనంతట తను ఎత్తి, తమ్ముడి దగ్గరికి వచ్చి ఆగితే, అప్పుడు ఒక్కటే అడగండి. వాడి పేరేమిటి మామ్మా అని. చెబితే ఆ పేరు ఫోన్లోనే కాక కాగితం మీద కూడా రాసుకుని, మీ ఇంట్లో తాతముత్తాతల పేర్లు ఎక్కడ రాసి పెట్టుకున్నారో అక్కడ, మామ్మ పేరు పక్కన రాయండి.